నాలుగు గంటల దారి

సంక్రాంతి వెళ్ళిన నాలుగో రోజు రాత్రి. టేక్మాల్‌లో మా ఇంటి అరుగు మీద సామాను సర్దుతున్నాం. సకినాల డబ్బా మూత చుట్టూ గుడ్డ బిగిస్తూ అమ్మ అడిగింది: "దుబాయి ఎంత దూరముంటది బిడ్డా?"

మా తమ్ముడు అక్కడికి వెళ్ళి పన్నెండేళ్ళు దాటింది. ఈ పన్నెండేళ్ళలో అమ్మ ఈ మాట చాలాసార్లు అడిగింది. ప్రతిసారీ నేను "విమానంలో నాలుగు గంటలే అమ్మా" అనేవాణ్ణి. "మరి నాలుగు గంటలే అయితే మీ నాయిన పోయిన్నాడు వాడెందుకు అందలేదు?" అని మాత్రం ఆమె ఎన్నడూ అనలేదు. అనకపోయినా ఆ మాట ఏడేళ్ళుగా మా ఇంట్లోనే తిరుగుతోంది.

ఈసారి నేనే పోతున్నాను. మా గడప దాటినప్పటి నుంచి తమ్ముడి మొహం చూసేదాకా ఎక్కడెక్కడ ఎంతసేపు పట్టిందో రాసుకుందామని ఒక చిన్న నోటుబుక్కు జేబులో పెట్టుకున్నాను. ఈ అలవాటు నాకు ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్ర చరిత్ర చదివాక వచ్చింది. ఆయన 1830 మే 18న చెన్నపట్నంలో బయలుదేరి, హైదరాబాద్ మీదుగా నాగపూర్ బాట పట్టి, కాశీ చూసి, 1831 సెప్టెంబర్ 3న ఇల్లు చేరాడు. పదిహేను నెలల పైచిలుకు ప్రయాణం. ఏ మజిలీకి ఏ మజిలీ ఎన్ని ఆమడలు, ఎక్కడ నీళ్ళు మంచివి, ఎక్కడ అంగళ్ళు ఉన్నాయి, ఏ వాగు ఎలా దాటాలి అన్నీ రాసిపెట్టాడు. వెనక వచ్చేవాళ్ళకు పనికొస్తుందని రాశాడు. నా నోటుబుక్కు ఆశ కూడా అంతే.

మొదటి మజిలీ మా అరుగే. కూర మసాలా పొట్లం విప్పి చూస్తే గసగసాలు కలిసి ఉన్నాయి. మన వంటింట్లో అది మామూలు దినుసు. అరబ్ ఎమిరేట్స్‌లో మాత్రం మత్తుపదార్థాల చట్టం కింద నిషేధం. తెలియక తీసుకెళ్ళి జైలుపాలైనవాళ్ళు ఉన్నారు. "పిడికెడు గసాలకు జైలా?" అని అమ్మ నమ్మలేదు. అయినా ఆ పొట్లం పక్కన పెట్టి, ధనియాలు, లవంగాలు, చెక్కతో మళ్ళీ దంచింది. తలనొప్పి మాత్రలు, దగ్గు మందు కూడా ఊరికే సంచిలో పడేయకూడదు. కొన్నింట్లో అక్కడ నియంత్రణలో ఉన్న మందులు ఉంటాయి. డాక్టర్ చీటీ వెంట ఉండాలి. మామిడికాయ తొక్కు సీసాను నాలుగు కవర్లలో చుట్టి పెద్ద సంచిలో పెట్టాం. చేతి సంచిలో 100 మిల్లీలీటర్లు దాటిన ద్రవం ఏదీ రానివ్వరు.

తెల్లవారుజామున 4 గంటలకు కారు బయలుదేరింది. మంజీర వైపు నుంచి పొగమంచు రోడ్డు మీదికి పరుచుకుని ఉంది. జోగిపేట దాకా మెల్లగా పోయాం. నాందేడ్ నుంచి వచ్చే 161వ నంబరు జాతీయ రహదారి ఎక్కాక వేగం అందుకుంది. సంగారెడ్డి దాటి, ముత్తంగి దగ్గర అవుటర్ రింగురోడ్డు ఎక్కి, శంషాబాద్ చేరేసరికి 6:45. దాదాపు 130 కిలోమీటర్లు, రెండు గంటల ముప్పావు.

ఇక్కడ ఒక చిత్రం ఉంది. పటం మీద దుబాయి మా ఊరికి వాయవ్యాన ఉంది. శంషాబాద్ ఆగ్నేయాన ఉంది. అంటే దుబాయి పోవడానికి మేం ముందు దుబాయికి వీపు తిప్పి నడుస్తాం. టేక్మాల్ నుంచి దుబాయికి ఆకాశంలో నేరుగా గీత గీస్తే సుమారు 2,480 కిలోమీటర్లు. శంషాబాద్ నుంచి గీస్తే సుమారు 2,550. రెండు గంటల ముప్పావు ప్రయాణం చేసి నేను తమ్ముడికి 70 కిలోమీటర్లు దూరం జరిగాను.

విమానాశ్రయం బయట ఒక తుఫాన్ బండి ఆగి ఉంది. అందులోంచి పదకొండుమంది దిగారు. వాళ్ళలో ప్రయాణం చేసేది ఒక్కడే, ఇరవై రెండేళ్ళ పిల్లవాడు. మా పక్క మండలమే. తల్లి, చెల్లెలు, మేనమామ, ఇద్దరు బాబాయిలు, దోస్తులు. గేటు దగ్గర టికెట్టు, పాస్‌పోర్టు చూసి ప్రయాణికులనే లోపలికి పంపుతారు. ఆ తల్లి కొడుకు చొక్కా గుండీ సరిచేసింది, మళ్ళీ సరిచేసింది, సరిగ్గా ఉన్నదాన్నే మూడోసారి సరిచేసింది. "పోయినంక ఫోను చెయ్యి నాయినా" అంది. వాడు తలూపి లోపలికి వచ్చేశాడు. అద్దాల అవతల ఆ పదిమందీ చాలాసేపు కదల్లేదు.

లోపల వరుసలో వాడు నా ముందు నిలబడ్డాడు. పదో తరగతి పాస్ కాలేదు కాబట్టి వాడిది ఇసిఆర్ పాస్‌పోర్టు. అంటే గల్ఫ్ దేశాలతో కలిపి 18 దేశాలకు పనికి పోవాలంటే ముందు ప్రభుత్వ వలస అనుమతి కావాలి. 1983 వలస చట్టం పెట్టిన ఏర్పాటు ఇది. ఇప్పుడు ఈ-మైగ్రేట్ అనే ఆన్‌లైన్ పద్ధతిలో జరుగుతుంది. అనుమతితో పోయేవాళ్ళకు ప్రవాసీ భారతీయ బీమా యోజన ఉంటుంది. రెండేళ్ళకు 275 రూపాయలు, మూడేళ్ళకు 375 కడితే ప్రమాదంలో ప్రాణం పోయినా, శాశ్వత వైకల్యం వచ్చినా 10 లక్షల బీమా. లైసెన్సు ఉన్న ఏజెంటు తీసుకోగల రుసుము 30,000 రూపాయలు, పైన పన్ను. అంతకు మించి అడగడం తప్పు. ఈ పిల్లవాడి కాగితాలు సరిగ్గానే ఉన్నాయి. ఏజెంటుకు ఎంత ఇచ్చావని అడిగితే చెప్పడానికి మొహమాటపడ్డాడు. నేను రెట్టించలేదు.

10:20కి విమానం లేచింది. కిటికీ పక్క సీటు దొరికింది. పది నిమిషాల్లో వికారాబాద్ వైపు భూములు కింద కనిపించాయి. పొద్దున చీకట్లో వెనక్కి వచ్చిన దారినంతా విమానం ఆ కాసేపట్లోనే సరిచేసింది. గంట దాటాక కొంకణ తీరం, ఆ తర్వాత నీళ్ళు. అరేబియా సముద్రం మీద రెండు గంటలకు దగ్గరగా పోతాం. ముందు సీటు వెనక తెరలో ఎత్తు 36,000 అడుగులు అని ఉంది. పడమటికి పోయే విమానాలు సాధారణంగా సరి అంకెల ఎత్తుల్లో, తూర్పుకు వచ్చేవి బేసి అంకెల ఎత్తుల్లో ఎగురుతాయి. ఎదురెదురుగా వచ్చేవాటి మధ్య వెయ్యి అడుగుల ఎడం ఉండేందుకు ఆకాశంలో పెట్టుకున్న రోడ్డు నియమం అది. నేను పోతున్న వేళకు, మరో ఎత్తులో, సెలవు దొరికినవాళ్ళను ఎక్కించుకుని ఏదో ఒక విమానం ఇంటివైపు వస్తూనే ఉంటుంది.

వచ్చేటప్పుడు తొందరగా వస్తారు. చలికాలంలో పై ఆకాశంలో పడమటి నుంచి తూర్పుకు బలమైన గాలి వీస్తుంది. పోయేటప్పుడు ఎదురుగాలి, వచ్చేటప్పుడు తోడుగాలి. అందుకే పోవడానికి నాలుగు గంటలు, రావడానికి మూడున్నర.

గడియారం లెక్క ఇంకొకటి. మనకూ దుబాయికీ గంటన్నర తేడా. ఈ గంటన్నర కాగితం మీద పెట్టుకున్న అంకె మాత్రమే కాదు. మా ఊరు సుమారు 78 డిగ్రీల రేఖాంశం మీద ఉంది, దుబాయి 55 మీద. ఒక్కో డిగ్రీకి సూర్యుడు నాలుగు నిమిషాలు తీసుకుంటాడు. ఇరవై మూడు నాలుగులు తొంభై రెండు. అంటే మా అరుగు మీది పొద్దు తమ్ముడి మీదికి చేరడానికి దాదాపు గంటన్నరే పడుతుంది. మా ఇంట్లో రాత్రి 9 గంటలైతే తమ్ముడికి 7:30. వాడు పని దిగి, క్యాంపు చేరి, స్నానం చేసి ఫోను పట్టుకునే వేళ అది. అమ్మ జీవితమంతా ఎనిమిదికే పడుకునే మనిషి. వాడు పోయిన ఏడాది నుంచి తొమ్మిదిన్నర దాకా మేలుకుంటోంది. టీవీ చూడదు, దీపం తగ్గించి గోడకు ఆనుకుని కూర్చుంటుంది. తొమ్మిది దాటాక ఫోను మోగితే మాట్లాడి పడుకుంటుంది.

కింద నీళ్ళు చూస్తుంటే ఈ సముద్రం మీది పాత రాకపోకలు గుర్తొచ్చాయి. ఒకప్పుడు బతుకుతెరువు ఈ దారిలో ఎదురు దిక్కున నడిచింది. యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి అరబ్బులు ఓడలెక్కి వచ్చి నిజాం ఫౌజులో చేరారు. వాళ్ళుండిన సైనిక బారకాసుల పేరే హైదరాబాద్‌లో బార్కస్‌గా మిగిలింది. వాళ్ళ మనవలు, మునిమనవలు ఇప్పటికీ అక్కడున్నారు. మన రూపాయి కూడా ఆ ఒడ్డున చెల్లింది. దుబాయి బజార్లలో భారతీయ రూపాయే వాడుకలో ఉండేది. 1959లో రిజర్వు బ్యాంకు ఆ ప్రాంతం కోసం గల్ఫ్ రూపాయి అని వేరుగా అచ్చు వేసింది. 1966 దాకా అది నడిచింది. అదే ఏడాది దుబాయిలో చమురు బయటపడింది. 1971 డిసెంబర్ 2న ఎమిరేట్స్ ఒక దేశమయ్యాయి. 1973లో దిర్హం వచ్చింది. డెబ్బైల నుంచి మన కరీంనగర్, నిజామాబాద్, మెదక్ పల్లెలు పడమటికి కదిలాయి. మొదట్లో పోయినవాళ్ళలో చాలామంది బొంబాయి దాకా రైల్లో పోయి, అక్కడ ఏజెంటు గదుల్లో రోజులకు రోజులు కాచుకుని విమానమో ఓడో ఎక్కారు. 2008 మార్చిలో శంషాబాద్ విమానాశ్రయం తెరుచుకున్న నాటికి ఆ తరంవాళ్ళు జుట్టు నెరిసి ఇంటిదారి పడుతున్నారు.

ఒమన్ కొండలు వచ్చాయి. గడ్డిపరక లేని గోధుమరంగు రాళ్ళు, ఆ వెనక ఇసుక. దుబాయి గడియారంలో 12:50కి దిగాం. మన లెక్కలో 2:20. ఆకాశం పని సరిగ్గా నాలుగు గంటల్లో ముగిసింది.

ఆ తర్వాత వలస తనిఖీ, సామాను, మెట్రో. 2009 సెప్టెంబర్‌లో మొదలైన ఈ మెట్రో విమానాశ్రయం లోపలి నుంచే ఎక్కొచ్చు. దేరాలో ఒక చిన్న లాడ్జి గది తీసుకున్నాను. కార్మికుల క్యాంపుల్లో బయటివాళ్ళను రాత్రి ఉండనివ్వరు. సంచి దించి, సకినాలు విరిగాయా అని చూశాను. పై వరస విరిగింది, కింద బాగానే ఉన్నాయి. ఇక కాచుకోవడమే. తమ్ముడు ఐదింటికి పని దిగి, కంపెనీ బస్సులో క్యాంపుకు పోయి, అక్కడి నుంచి సిటీ బస్సు పట్టుకుని వచ్చేసరికి దుబాయి టైము 7:30. తలుపు తీశాను. "అన్నా" అని కాళ్ళకు వంగబోయాడు. పట్టుకుని లేపాను. అరచేతులు ఇనుప చువ్వల్లా ఉన్నాయి.

నోటుబుక్కులో రాసుకున్నాను: ఇంటి గడప నుంచి తమ్ముడి దాకా 17 గంటలు. అందులో గాల్లో 4.

ఆదివారం వాడి సెలవు. అబ్రా పడవలో ఒక దిర్హం ఇచ్చి వాగులాంటి ఆ సముద్రపాయ దాటాం. బర్ దుబాయి సందుల్లో టీ తాగాం. సాయంత్రం బస్సులో సోనాపూర్ వైపు తీసుకెళ్ళి దూరం నుంచి తన క్యాంపు చూపించాడు. బంగారు ఊరు అని అర్థం ఆ పేరుకు. బాల్కనీల నిండా ఆరేసిన పని బట్టలు. వాడి గదిలో ఆరుగురు, ఒకదాని మీద ఒకటి మంచాలు. షట్టరింగ్ కార్పెంటర్ పని. పొద్దున నాలుగున్నరకు లేస్తాడు. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3 వరకు ఎండలో పని చేయించకూడదని అక్కడి ప్రభుత్వం నియమం పెట్టింది. "గా రెండున్నర గంటలే అన్నా ఎండకాలం మమ్ముల బతికిచ్చేది" అన్నాడు. దూరంగా బుర్జ్ ఖలీఫా కనిపిస్తోంది. 828 మీటర్లు. 2010 జనవరి 4న తెరిచారు. అలాంటి కట్టడాల కింద మన ఊళ్ళవాళ్ళ చేతులు ఎన్ని పనిచేశాయో ఆ గోడలకు తెలుసు.

తిరిగి వచ్చే దారిలో వాడే ఎత్తాడు ఆ మాట. "నాయిన పోయినప్పుడు..." అని ఆగిపోయాడు. నేను నోటుబుక్కు తీశాను. ఇద్దరం కూర్చుని ఆ రోజుల లెక్క రాశాం.

నాయిన పోయింది గురువారం తెల్లవారుజామున. నేను 5 గంటలకు ఫోను చేశాను. వాడికి అప్పుడు రాత్రి 3:30. ఆ రోజుల్లో పాస్‌పోర్టు కంపెనీ దగ్గరే ఉండేది. సూపర్‌వైజర్ "సెలవు మేనేజర్ చెయ్యాలి" అన్నాడు. మేనేజర్ మధ్యాహ్నం దొరికాడు, సంతకం చేశాడు. పాస్‌పోర్టు ఇంకో ఆఫీసులో బీరువాలో ఉందన్నారు. మర్నాడు శుక్రవారం, అప్పటి వారపు సెలవు. శనివారం సాయంత్రానికి పాస్‌పోర్టు చేతికొచ్చింది. గదివాళ్ళు తలా ఇంత వేసి టికెట్టు కొన్నారు. ఆదివారం పొద్దున విమానం. రాత్రి 7 గంటలకు మా గడప ముందు దిగాడు. గురువారం సాయంత్రమే నేను నాయినకు కొరివి పెట్టాను. శనివారం మూడోనాటి పిట్టముద్ద కూడా పెట్టేశాం. వాడు వచ్చి నాయిన మంచం ఉండిన చోట చాప మీద పడుకున్నాడు. ఎవరితోనూ మాట్లాడలేదు.

ఫోను మోగినప్పటి నుంచి గడప దాకా 86 గంటలు. అందులో గాల్లో మూడున్నర.

మిగిలిన ఎనభై రెండున్నర గంటలు ఎటుపోయాయో ఇప్పుడు కాగితం మీద కనిపిస్తోంది. విమానం ఆలస్యం కాలేదు. సముద్రం అడ్డం రాలేదు. ఒక సంతకం, ఒక బీరువా తాళం, ఒక సెలవు రోజు, జేబులో లేని టికెట్టు డబ్బులు. ఇవన్నీ మనుషులు పెట్టినవి. మనుషులు తీసేయగలిగినవి. ఉద్యోగి పాస్‌పోర్టు యజమాని తన దగ్గర పెట్టుకోకూడదని ఆ దేశపు నియమాలే చెబుతున్నాయి. ఆ సంగతి తమ్ముడికి అప్పుడు తెలియదు. నాకూ తెలియదు. తెలిసి ఉంటే వాడు గురువారం రాత్రి విమానమైనా ఎక్కేవాడేమో. నాయినను చివరిసారి చూడలేకపోయినా, మూడోనాడు పిట్టముద్దకు నా పక్కన నిలబడేవాడు. ఇప్పుడు పాస్‌పోర్టు వాడి దగ్గరే ఉంది. పెట్టెలో, బట్టల కింద, ప్లాస్టిక్ కవరులో. ఆ రాత్రి తెచ్చి నాకు చూపించాడు.

పదిరోజుల తర్వాత టేక్మాల్ చేరాను. అమ్మ మళ్ళీ అదే అడిగింది. ఈసారి నాలుగు గంటలని చెప్పలేదు. "నేను పోయిన దారైతే పదిహేడు గంటలు. వాడు నాయిన కోసం వచ్చిన దారి ఎనభై ఆరు. ఇకముందు అట్ల కాదమ్మా, పాస్‌పోర్టు వాని చేతిలనే ఉన్నది" అన్నాను. ఆమె చాలాసేపటికి "గట్లనే ఉండనియ్యి" అంది.

ఇంట్లో ఒకరు గల్ఫ్‌లో ఉన్నవాళ్ళకు నా నోటుబుక్కు చివరి పేజీ చెబుతాను. వీసా, పాస్‌పోర్టు, ఒప్పందం, బీమా కాగితాల నకళ్ళు ఇంట్లో ఒక కవరులో పెట్టుకోండి. పని కోసం పోయేవాళ్ళు విజిటు వీసా మీద పోవద్దు, వలస అనుమతితోనే పొండి. పాస్‌పోర్టు మీ చేతిలోనే ఉండాలని మొదటి రోజే అడగండి. ఒక టికెట్టు డబ్బులు ఎన్నడూ ముట్టకుండా విడిగా దాచండి. దుబాయిలో ఆపద వస్తే మన దేశం నడిపే ప్రవాసీ భారతీయ సహాయ కేంద్రం ఉంది. ఎమిరేట్స్‌లో ఎక్కడి నుంచైనా 800 46342కు ఉచితంగా ఫోను చేయొచ్చు. ఈ నంబరు ఈ రోజే మీవాళ్ళకు పంపండి.